గుర్రం అయిదో కాలు

నోటి దురుసున్న మనిషి ఏ ఉద్యోగానికి పనికొస్తుందని నన్నడిగితే, తప్పులు పట్టే ఉద్యోగానికని చెప్తాను. నాకు దొరికింది అదే. పాత కామిక్స్ పుస్తకాన్ని భూతద్దం కింద పెట్టి, వెన్ను మీద ముడతలు లెక్కపెట్టి, పిన్నులకు తుప్పెంతో చూసి, పదికి ఇన్ని అని మార్కు వేసి, అద్దంలా లోపలిది కనపడే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేయించి పంపడం. హిందూపురంలో ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉండేదంటే మా బంధువులు ఇప్పటికీ నమ్మరు.

"బొమ్మల పుస్తకాలకు మార్కులేసేదానికి బి.ఏ. చదవల్లనా?" అని మా అవ్వ అడిగింది.

"మొగుడికి వేసేదానికన్నా ఇది మేలే అవ్వా, ఇక్కడ జీతమిస్తారు" అన్నాను.

ఇప్పుడు ఈ పనిలోకి చదువుకున్న పిల్లలు చాలామంది వస్తున్నారు. అప్పుడప్పుడు ఫోన్ చేసి కాగితం గురించి, తేమ గురించి, జిగురు గురించి అడుగుతుంటారు. తెలిసింది చెప్తాను, తెలియంది తెలియదంటాను. మొన్న ఒక అమ్మాయి మాత్రం, "మేడం, మీ చేతుల్లో చెడిపోయిన పుస్తకం ఏదైనా ఉందా?" అని అడిగింది. ముక్కుసూటి పిల్ల. నాకు నచ్చింది. ఉందమ్మా, ఒకటుంది. ఫోన్లో చెప్పేది కాదని ఇక్కడ రాస్తున్నాను.

మా యజమాని బావమరిదికి ప్లాస్టిక్ డబ్బాలు పోసే యూనిట్ ఉండేది. పాటల క్యాసెట్లకు కవర్లు చేసేవాళ్ళు. సీడీలొచ్చి క్యాసెట్లు కొనేవాళ్ళు లేకపోయాక యంత్రాలు ఖాళీ పడ్డాయి. యజమానికి చిన్నప్పటి నుంచి కామిక్స్ పిచ్చి. పై దేశాల్లో పాత కామిక్స్‌కు మార్కులు వేసి డబ్బాల్లో సీలు చేస్తారని ఎక్కడో చూశాడు. పక్కనే బెంగళూరు, అక్కడ పాత పుస్తకాలు దాచుకునే పెద్దమనుషులు బోలెడుమంది. బావమరిదిని ఒప్పించి, కొత్త అచ్చు చేయించి, యూనిట్ వెనక రెండు గదులు తీసుకున్నాడు. నేను అప్పటికి పెనుకొండలో ఒక ప్రైవేటు బడిలో హెడ్‌మాస్టరుతో గొడవపడి ఇంట్లో కూర్చుని ఉన్నాను. ఆ గొడవలో తప్పు ఆయనదే, కానీ అది వేరే కథ. తప్పులు బాగా పట్టే ఆడమనిషి ఒకామె ఖాళీగా ఉందని ఎవరో యజమానికి చెప్పారు. రోజూ పెనుకొండ నుంచి ప్యాసింజరులో హిందూపురం వెళ్ళి, సాయంత్రం అదే బండిలో తిరిగి రావడం మొదలైంది.

పని గురించి మూడు సంగతులు చెప్తాను, అవి తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఒకటి, శుభ్రం చేయడం. పాత పుస్తకాల అంచుల్లో పిల్లలు పెన్సిలుతో ఏవేవో గీసి ఉంటారు. వాటిని మెత్తటి రబ్బరుతో కాగితం లేవకుండా తుడవాలి. రబ్బరు పొడి బల్ల మీద మిగిలితే ఇంకో పుస్తకం అట్టను గీకుతుందని కుంచెతో ఊడ్చి ఒక స్టీలు గిన్నెలో వేసేవాళ్ళం. శనివారం సాయంత్రం ఆ గిన్నె కడిగేవాళ్ళం. ఈ తుడిచే పనిలో నా అంత చేయి మా దగ్గర ఇంకెవరికీ లేదు. గొప్ప చెప్పుకోవడం కాదు. నిజానికి గొప్పే, ఆ గొప్పే కొంప ముంచింది.

రెండు, ప్రెస్సు. ముడతలు పడిన పుస్తకాన్ని తేమపెట్టెలో కొంతసేపు ఉంచితే కాగితం మెత్తబడుతుంది. తర్వాత వేడి పలకల మధ్య పెడితే ముడతలు, నొక్కులు అన్నీ చదునవుతాయి.

మూడు, సీలు. ఒకసారి వేశాక తెరవడానికి లేదు. తెరవాలంటే డబ్బా పగలగొట్టాలి, పగలగొడితే మేము వేసిన మార్కు చెల్లదు. అందుకని ఎవరూ తెరవరు. అట్ట తప్ప లోపల ఒక్క పేజీ కనపడదు. "చదివేదానికి లేకుండా చేసేదానికా నీకు జీతం?" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

ఒక సోమవారం, మధ్యాహ్నం అన్నాలు తిని చేతులు తుడుచుకుంటుండగా ఒక పెద్దాయన వచ్చాడు. తెల్లటి గడ్డం, ఇస్త్రీ చేసిన చొక్కా, చంకలో పాత తువ్వాలులో చుట్టిన పొట్లం. ధర్మవరం నుంచి వచ్చానన్నాడు. తువ్వాలు విప్పితే లోపల ఇంకో గుడ్డ, అది విప్పితే ఒక పేపరు, అది విప్పితే పుస్తకం.

దాన్ని చూసి మా యజమాని కుర్చీలోంచి లేచాడు. రాకుమారుడు, రాక్షసుడు, మాట్లాడే గుర్రం ఉన్న పాత తెలుగు కామిక్స్ అది. ఆ సంచిక కోసం ఆయన ఏళ్ళ తరబడి వెతుకుతున్నాడు. దొరికినవన్నీ అట్టలు ఊడినవి, పేజీలు పోయినవి. ఇది మాత్రం నిన్న కొన్నట్టుంది.

"ఇది యాడిది పెద్దాయనా మీకు?" అని అడిగాడు యజమాని.

"మాది బాడుగ పుస్తకాల అంగడి సామీ, ముందర. ఇప్పుడు లేదులే. ఇది రెండు వచ్చింటే ఒగటి బాడుగకు ఇడిస్తిమి, ఇది ఇంట్లో పెట్టుకుంటిమి. ఈ నడుమ పురుగు తిరగతా ఉండాది అల్మారాలో. ఈడ మీరు బుక్కులకు అద్దాల డబ్బా వేస్తారంట కదా?"

"అమ్ముతారా?"

"ఊహూ." ఆయన పుస్తకం మీద చెయ్యి పెట్టాడు. "అమ్మేది లేదు. డబ్బా వేసి ఇయ్యండి, అంతే."

యజమాని నావైపు చూశాడు. అమ్మకపోయినా సరే, మన దగ్గర మార్కు వేసిన పుస్తకంగా ఉంటే చాలని ఆ చూపు. నేను కాగితం తీసి రాయడం మొదలుపెట్టాను. శుభ్రం, ప్రెస్సు, మార్కు, సీలు. నాలుగింటికీ టిక్కు. వచ్చిన ప్రతి ఒక్కరూ నాలుగూ కావాలంటారు, కాబట్టి ఎవరినీ అడగడం మానేసి చాలా రోజులైంది.

"అమ్మా, ముందర ఒగ మాట చెప్తా. దాంట్లో..." అని ఆయన మొదలుపెట్టాడు.

"మాకు తెలుసు పెద్దాయనా. మేము రోజూ చేసే పనే. మీరేం చెప్పక్కర్లేదు" అన్నాను.

"కాదమ్మా, ఏందంటే..."

"డాక్టరు దగ్గరికి పోయి సూది ఎట్ల వేయాలో చెప్తారా? ఇక్కడ సంతకం పెట్టండి."

ఆయన నవ్వాడు. సంతకం పెట్టాడు. "బాగ జేసియ్యండమ్మా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అందరితో వాదించే మనిషిని, వాదించడానికైనా ఎదుటి మనిషి మాట పూర్తిగా వినాలన్న సంగతి అప్పటికి నాకు తెలియదు.

మంగళవారం పుస్తకం తెరిచాను. అంచుల నిండా పెన్సిలు. వంకర టింకర అక్షరాలు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, కొన్ని గీత దాటి బొమ్మల మీదికి ఎక్కాయి. బొమ్మల్లోని మాటలే మళ్ళీ కింద రాసి ఉన్నాయి. ఆగు. ఎవరక్కడ. ధడేల్. అయ్యో. మా పనిలో కథ చదవకూడదు, చదివితే పని సాగదు. అక్షరాలను అక్షరాలుగా చూడటం నేనెప్పుడో మానేశాను, అవి నాకు మరకలు. కాగితం మీద 'పిల్లల గీతలు' అని రాసుకుని రబ్బరు తీశాను. ఒక పేజీలో గుర్రం బొమ్మ కూడా గీసి ఉంది. కాళ్ళు లెక్కపెట్టాను, అయిదు. నవ్వొచ్చింది. ఏ పిల్లవాడో బాగా బద్మాష్ అయి ఉంటాడనుకున్నాను. అయిదు కాళ్ళూ తుడిచేశాను. సాయంత్రానికి పుస్తకం కడిగిన ముత్యంలా తయారైంది. యజమాని చూసి, "ఏమమ్మా, నీ చేతికి బంగారు కడియం తొడగల్ల" అన్నాడు. నేను వద్దనలేదు.

గురువారం పదకొండు గంటలకు ఫోన్ మోగింది. ధర్మవరం నుంచి పెద్దాయన, ఎస్టీడీ బూత్‌లో ఉన్నట్టున్నాడు, వెనక బస్సుల హారన్లు.

"అమ్మా, నా బుక్కు డబ్బాలో వేసినారా?"

"ఇంకా లేదు."

"మంచిదాయ. ఒగ మాట అడగల్లని. డబ్బాలో వేసినంక పేజీ తిప్పేకి కాదంట కదా? ఈడ ఒగాయన చెప్పినాడు."

"అవును, కాదు."

"అట్లయితే బుక్కు మూసి పెట్టొద్దు. తెరిచి పెట్టండి. నడుమ ఒగ పేజీ ఉండాది. మా ఇంటామె దాంట్లో గుర్రాన్ని గీసింది. అయిదు కాళ్ళుంటాయిలే దానికి, మీకు దొరికిపోతాది. ఆ పేజీ పైకి కనపడేట్ల పెడతారా?"

మంగళవారం నేను లెక్కపెట్టిన అయిదు కాళ్ళు గుర్తొచ్చాయి.

"అమ్మా? ఉండావా? ఆయమ్మ పోయి రెండేండ్లాయ. ఆమె చేతి రాత ఇంగ యాడా లేదు. ఉండేదంతా దాంట్లోనే. అందుకని అడుగుతాండా."

"చూస్తాను పెద్దాయనా" అన్నాను. ఫోన్ పెట్టేసి బల్ల వైపు చూశాను. పుస్తకం బల్ల మీద లేదు.

ప్రెస్సు గదిలోకి పరిగెత్తాను. ఆ గదిలో పనిచేసేది హిందూపురం అతనే, ఇంట్లో కన్నడం బయట తెలుగు. తేమపెట్టె ముందు స్టూలు మీద కూర్చుని బీడీ కట్ట తిప్పుతున్నాడు, లోపల కాల్చకూడదని నేనే గొడవ చేశాను కాబట్టి.

"గుర్రం పుస్తకం యాడ?"

"పెట్టెలో ఉండాదక్కా. ఇంగ పావుగంట, అయిపోతే ప్రెస్సుకు వేస్తా."

"తియ్యి."

"ఏంటికి? నడుమ తీస్తే కాగితం వంకర పోతాది. మళ్ళ నన్నే అంటావు నువ్వు."

"తియ్యమంటాండా!"

"అక్కా, సుమ్నే ఊరికే ఉండలేవా నువ్వు, దినామూ ఏందో ఒగటి..." అంటూనే నా ముఖం చూసి ఆగిపోయాడు. పెట్టె తెరిచాడు.

ఎందుకంత పరుగో చెప్తాను. పెన్సిలుతో రాసిన చోట కాగితం మీద సన్నటి గాడి పడుతుంది. రబ్బరు మసిని తీసేస్తుంది గానీ గాడిని తీయలేదు. తేమ, ప్రెస్సు తీసేస్తాయి. దొంగ మరమ్మతులు పట్టుకోవడానికి మేము రోజూ గది చీకటి చేసి టార్చి పక్కనుంచి వేసి చూసేవాళ్ళం. వెలుతురు పక్కనుంచి పడితే కాగితం మీద చీమ నడిచిన దారి కూడా కనపడుతుంది.

కిటికీలు మూయించాను. పుస్తకం తడి తడిగా ఉంది. పేజీ పక్కన టార్చి ఆనించి వెలిగించాను. మొదటి కాగితాల్లో ఏమీ లేదు, బయటివి కదా, తేమ తాగేసి చదునైపోయాయి. ఇంకో కాగితం. ఏమీ లేదు. మరొకటి తిప్పాను. సన్నటి నీడల్లో ఒక 'ఆ' లేచింది. పక్కన 'గు'. ఆగు.

"అక్కా, ఏడుస్తాండావా?" అన్నాడు ప్రెస్సు అతను.

"నీ బీడీ కంపు కళ్ళల్లో పడింది" అన్నాను.

ఒక్కటీ వెలిగించని బీడీ కట్ట వైపు ఒకసారి చూసుకుని దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

గుర్రం పేజీ కూడా దొరికింది. తల ఉంది, తోక ఉంది, కాళ్ళు నాలుగే ఉన్నాయి. అయిదోది మిగతా కాళ్ళకన్నా పలచగా గీసినట్టుంది, అది లేదు. టార్చి అన్ని వైపులా తిప్పి చూశాను. లేదు.

యజమాని వచ్చాడు. జరిగింది చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. కాసేపు గడ్డం గోక్కుని, "చూడమ్మా, ఆయన సంతకం పెట్టినాడు. క్లీనింగ్ అని దాంట్లో ఉండాది. ఇప్పుడు ఆరబెట్టి సీలు వేసిస్తే, పేజీ తెరిచి పెట్టేకి కాదు పెద్దాయనా అని చెప్తే, తీసుకోనిపోతాడు. డబ్బా పగలగొట్టి చూస్తాడా? జన్మలో చూడడు. ఎందుకు చెప్పేది?" అన్నాడు.

"మోసం కదా సార్ అది?"

జవాబు ప్రెస్సు అతను చెప్పాడు. "అది కాదక్కా. డబ్బా మూసినంక ఆయప్ప దాన్ని చూసినప్పుడల్లా లోపల ఆయమ్మ రాసిందంతా ఉండాదనే అనుకుంటాడు. ఆయప్ప మనసులో గుర్రానికి అయిదు కాళ్ళూ ఉంటాయి. నువ్వు పోయి చెప్తే నాలుగే మిగుల్తాయి. ఏది మేలు?"

యజమాని మాటకు కోపం వచ్చింది, కానీ ఈ మాటకు రాలేదు. అదే ఇబ్బంది. కోపం వస్తే నాకు తోవ కనపడుతుంది. ఇతను చెప్పిందాంట్లో దయ ఉంది, దయతో ఎట్లా వాదించాలో నాకు తెలియదు.

పుస్తకం గది దాటకూడదని మా నియమం. ఆ నియమం రాసింది నేనే. ఆ సాయంత్రం పుస్తకాన్ని బ్లాటింగ్ కాగితాల మధ్య పెట్టి, అట్టముక్కలు కట్టి, నా సంచిలో వేసుకున్నాను. యజమాని చూశాడు, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

శుక్రవారం పొద్దున పెనుకొండ స్టేషన్‌లో నిలబడితే, హిందూపురం వైపు పోయే నా బండి ఒక పక్క, ధర్మవరం వైపు పోయే బండి ఒక పక్క. రోజూ ఎక్కే పెట్టెలోంచి తోటి ప్రయాణికురాలు చెయ్యి ఊపి, "రావేమే, సీటు పట్టినాను!" అని అరిచింది. నేను రెండో బండి ఎక్కాను. దారి పొడవునా ఆయనకు ఎట్లా చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. తప్పు నాది కానట్టు ఒకసారి, సగం నాదైనట్టు ఒకసారి, కాగితం పాతది కావడం వల్ల అయినట్టు ఒకసారి. వాదనలో నాకు ఎదురులేదు కదా, మూడూ బాగానే కుదిరాయి. బండి దిగేటప్పటికి మూడింటి మీదా అసహ్యం వేసింది.

బాడుగ పుస్తకాల అంగడి ఉన్నచోట ఇప్పుడు ఆయన కొడుకు సెల్ ఫోన్ రీచార్జి కార్డులు అమ్ముతున్నాడు. పాత చెక్క అరలు అట్లాగే ఉన్నాయి, పుస్తకాలు లేవు. పెద్దాయన లోపలి గదిలో, శుక్రవారం నమాజుకు స్నానం చేసి తల తుడుచుకుంటున్నాడు.

"నువ్వే తెచ్చినావా అమ్మా! ఎంత దూరం వచ్చినావు! డబ్బా యాడ?"

"డబ్బా లేదు. నేను తుడిచేశాను" అన్నాను.

"ఏంది?"

"పెన్సిలు రాతంతా. చిన్నపిల్లలు రాసిందనుకున్నాను. మీరు చెప్పబోతే నోరు మూయించాను. తప్పు నాది."

ఆయన తువ్వాలు పక్కన పెట్టాడు. పుస్తకం తీసుకుని మంచం మీద కూర్చుని మెల్లగా పేజీలు తిప్పాడు. ప్రతి పేజీలో తెల్లటి అంచు. తిడితే బాగుండుననిపించింది. తిట్లకు నేను అలవాటు పడినదాన్ని.

"చిన్నపిల్లలు అనుకున్నావా" అన్నాడు చివరికి. "నిజమే. అట్లే ఉంటాది. ముప్పై అయిదేండ్లకు పలకబట్టింది ఆయమ్మ."

ఆయన పొద్దున పూట పట్టునూలుకు రంగులద్దే పనికి పోయేవాడట. అంగట్లో ఆమె కూర్చునేది. చదువు రాదు. ఆ సంగతి కనిపెట్టి కొందరు మంచి పుస్తకం బాడుగకు తీసుకుపోయి, అట్ట చినిగిన వేరే పుస్తకం తిరిగిచ్చేవాళ్ళట. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు మోసపోయింది. ఒకరోజు ఆయన వచ్చేసరికి ఈ పుస్తకం ముందేసుకుని, "ఈ గుర్రం నోట్లోంచి వచ్చేది ఏమి రాసింది? చెప్పు" అని పట్టుబట్టిందట.

"బడి పుస్తకం తెస్తా అంటే ఒద్దనింది. బొమ్మ చూస్తే మాట ఏందో తెలిసిపోతాది గదా, బడి పుస్తకంలో ఏముంటాది అనింది. ఆగు అని ఉంటే ఆగు అని రాసేది. ధడేల్ అని ఉంటే ధడేల్ అని రాసి, తలుపు ధడేల్మని వేసేది, చూస్కో ఇదే గదా అని. ఒగ మాటంటే రెండు మాటలనేది. నీ మాదిరే."

"గుర్రానికి అయిదు కాళ్ళెందుకు?"

"నేనూ అడిగినా. గుర్రానికి నాలుగే గదా అంటే, పరుగెత్తేటప్పుడు నువ్వు లెక్కబెట్టినావా? అనింది."

నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. అప్పుడు లేచి తలుపు వేశాను, కిటికీ మూశాను, సంచిలోంచి టార్చి తీశాను. "ఇటు చూడండి, పూర్తిగా పోలేదు" అని పేజీ పక్కన ఆనించి వెలిగించాను. అక్షరాలు నీడల్లా లేచాయి. ఆయన పుస్తకం మీదికి వంగాడు. గడ్డం పేజీకి తగులుతోంది.

"ఎవరక్కడ" అని చదివాడు. వేలితో తడమబోయి ఆపుకున్నాడు. "ముట్టుకుంటే పోతాదా?"

"పోదు. ముట్టుకోండి."

గాడి వెంట వేలు నడిపాడు. ఇన్నేళ్ళూ పైకి కనపడే రాత వల్ల ఆయనకు ఆ నొక్కు ఎప్పుడూ తగల్లేదేమో. "గట్టిగా ఒత్తి రాసేది. పెన్సిలు ముక్కలు ఇరిగిపోతా ఉండె" అన్నాడు. గుర్రం పేజీ వచ్చింది. కాళ్ళు లెక్కపెట్టడానికి ఆయన ఎక్కువసేపు తీసుకున్నాడు.

"అయిదోది రాలేదు. ఎంత వెతికినా లేదు" అన్నాను.

"పోనీలే. ఇప్పుడు కరెక్టు గుర్రమాయ." ఆ మాట అన్నాక తెల్లటి అంచును వేలితో రాసి, వేలికేమైనా అంటిందేమోనని చూసుకున్నాడు. తర్వాత అడిగాడు. "తుడిచింది ఏమాయమ్మా?"

"అంటే?"

"రబ్బరుతో తుడిస్తే పొడి వస్తాది గదా. దాన్ని ఏం జేసినారు?"

"గిన్నెలో వేస్తాం. శనివారం పారేస్తాం. రేపే."

"పారేయొద్దు."

"పెద్దాయనా, దాంట్లో ఈ వారం తుడిచిన వేరే పుస్తకాల పొడి కూడా కలిసిపోయి ఉంటుంది. ఏది ఎవరిదో తెలియదు."

"కలవనీ. బాడుగ అంగడి నడిపింది ఆయమ్మ. ఊర్లో పిల్లోళ్ళందరి నడుమ కూర్చునే అలవాటు ఉండాది."

ఎదురు అంగడి నుంచి హిందూపురానికి ఫోన్ చేశాను. ప్రెస్సు అతను ఎత్తాడు. "గిన్నె ముట్టుకోవద్దు. ఎవరినీ ముట్టుకోనీయొద్దు" అన్నాను. "ఏ గిన్నె?" అన్నాడు. "రబ్బరు పొడి గిన్నె." "సరేక్కా, నా ఒళ్ళో పెట్టుకోని కూర్చుంటా" అన్నాడు. ఎగతాళి అనుకున్నాను. శనివారం పొద్దున పెద్దాయనతో కలిసి వెళ్ళేసరికి నిజంగానే గిన్నెకు మూత పెట్టి, మూత మీద ఇటుక పెట్టి, పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

గిన్నె అడుగున గుప్పెడు పొడి, బూడిదరంగు నూలు పోగుల్లా. దాన్ని కాగితంలో కట్టి ఇస్తే సరిపోతుందని నేననుకున్నాను. యజమాని ఒప్పుకోలేదు. గురువారం సాయంత్రం నుంచి నాతో మాట్లాడని మనిషి లేచి, కొత్త డబ్బా ఒకటి తీసి, తానే పంచె గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు.

"పుస్తకం ఇంక నేను మూయను. ఆయన చూసుకుంటా ఉండల్ల దాన్ని" అన్నాడు. "మూయాల్సింది ఇది. గాలి తగిలితే పోయేది ఇది."

పొడిని కుంచెతో సన్నటి పారదర్శక కవరులోకి ఎక్కించాను. ఒక్క పోగు కూడా గిన్నెలో మిగలకుండా చూసుకున్నాను. కవరును డబ్బాలో అమర్చాడు యజమాని. సీలు వేసే ముందు లేబుల్ కాగితం నా ముందుకు తోశాడు. పైన మార్కు గడి, కింద వివరం గడి.

"ఏం రాద్దాం సార్?"

"నువ్వే గదా మార్కులేసే గ్రేడరు. నోరుండేది నీకు."

వివరం గడిలో రాశాను: అంచుల్లో పెన్సిలు రాత. పిల్లలది కాదు. తుడవరాదు. మార్కు గడి దగ్గర ఆగిపోయాను. ఖాళీ వదిలేస్తానన్నాను. మార్కు లేని డబ్బా మా గది దాటి పోలేదు ఎప్పుడూ అని యజమాని, మార్కు వేయడానికి ఇది పుస్తకమా అని నేను. మళ్ళీ వాదన మొదలైంది, రెండు రోజుల తర్వాత ఇద్దరికీ ప్రాణం లేచి వచ్చింది.

"అయిదు వేయమ్మా" అన్నాడు పెద్దాయన.

పదికి అయిదంటే మా లెక్కలో నలిగిన పుస్తకం. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, అయిదు వేశాను. ఇంకెవరి మాటా వినకుండా ఇచ్చిన మార్కులు వేలల్లో ఉన్నాయి. విని వేసింది అదొక్కటే.

సీలు పడిన శబ్దానికి ఆయన ఉలిక్కిపడ్డాడు. పుస్తకాన్ని పేపరులో, గుడ్డలో, తువ్వాలులో మళ్ళీ చుట్టుకున్నాడు. నా టార్చి ఇచ్చేశాను. "బ్యాటరీ సెల్లు అయిపోతే?" అని అడిగాడు. "ధర్మవరంలో సెల్లులు దొరకవా పెద్దాయనా?" అన్నాను. నవ్వి జేబులో వేసుకున్నాడు. డబ్బాను మాత్రం పొట్లంలో కట్టలేదు. వాకిట్లోకి పోయి ఎండకు ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, లోపలి పొడిని చాలాసేపు చూశాడు. ప్రెస్సు అతను కూడా పక్కన నిలబడి చూస్తున్నాడు.

"ఏం కనపడుతుంది పెద్దాయనా?" అని అడిగాను.

"అయిదో కాలు" అన్నాడు. "ఇందులోనే ఉండాది."